కోడి కాలికి గుర్తు – పుస్తకంలో తేదీ

(సభ్యుల పాఠం)

ఆవు వయసు తెలియకపోతే నోరు తెరిచి పళ్లు చూస్తాము. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఎనిమిది పళ్లూ నిండినదా అని పాడి సంఘ సభ్యులెవరైనా చెప్పగలరు. చెవికి 12 అంకెల పోగు వేసిన పశువుకైతే ఆ శ్రమ కూడా అక్కరలేదు. కోడి సంగతి వేరు. దానికి పళ్లు లేవు. పుంజు కాలి ముల్లు పొడవును బట్టి, పెట్ట కాలి పొలుసుల గరుకును బట్టి లేతదో ముదురుదో పోల్చుకోవచ్చునే గాని, నెలలు, వారాలు చెప్పడం ఎవరి తరమూ కాదు. అందువల్ల కోడి వయసు పుట్టిన రోజునే రాసుకోవాలి. పిల్లలన్నీ కలిసిపోయిన తరువాత ఆ లెక్క దొరకదు.

సైనిక్‌పురి, కాప్రా, యాప్రాల్ ప్రాంతాలలో పాడితో పాటు పెరటిలో పది ఇరవై కోళ్లు పెంచుకునే కుటుంబాలకు ఈ పాఠం ఉపయోగపడుతుంది. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్ల మధ్య గుర్తు ఉన్న కోడి ఎవరిదన్న తగాదా కూడా రాదు.

వయసు తెలియకపోతే వచ్చే నష్టాలు

1. టీకా. కొక్కెర తెగులు వస్తే గూడు గూడంతా ఖాళీ అవుతుంది. దీనికి మొదటి వారంలో లసోటా టీకా కంటిలో చుక్కగా వేస్తారు. నాలుగు వారాల వయసులో మరొకసారి వేస్తారు. ఎనిమిది వారాలు దాటిన తరువాత ఆర్-2-బి టీకా సూదితో ఇస్తారు. ఆర్-2-బి బలమైన టీకా. చిన్న పిల్లకు వేస్తే టీకాయే జబ్బుగా మారే ప్రమాదం ఉంది. గుడ్లు పెడుతున్న పెట్టకు వేస్తే గుడ్లు తగ్గుతాయి. కనుక పశువైద్యుడు మొదట అడిగే ప్రశ్న "వీటికి ఎన్ని వారాలు?" అన్నదే.

2. దాణా. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం పాలు ఎక్కువ. గుడ్డు పెంకు కట్టడానికి అది అవసరం. అదే దాణా ఎదిగే పిల్లలకు రోజూ వేస్తే మూత్రపిండాలు చెడతాయి.

3. తీసివేత. మేలురకం పెట్ట మొదటి ఏడాది బాగా గుడ్లు పెడుతుంది. రెండో ఏడు తగ్గుతుంది. కట్టి మేపే పెట్ట రోజుకు సుమారు 100 గ్రాముల దాణా తింటుంది. అంటే ఏడాదికి 36 కిలోలు. వయసు తెలియని ఇంట్లో గుడ్డుకు రాబోతున్న పడుచు పెట్ట సంతకు పోతుంది, ముసలి పెట్ట గూట్లో కూర్చొని తింటుంది. గుడ్ల డబ్బు ఇంటి ఆడవారి చేతి ఖర్చు కనుక ఈ నష్టం ముందుగా వారికే తగులుతుంది.

గుర్తు వేసే పద్ధతులు

రంగు పూయడం, గుడ్డ పేలిక కట్టడం పల్లెల్లో పాత అలవాటు. రంగు ఈకలతో పాటు రాలిపోతుంది. దారం బిగిస్తే కాలు పెరిగేకొద్దీ మాంసంలోకి దిగుతుంది. వీటిని నమ్ముకోరాదు.

కాలి ఉంగరం: రంగురంగుల ప్లాస్టిక్ ఉంగరాలు పెద్ద కోళ్లకు మంచివి. ఈ ఏడు ఎరుపు, పై ఏడు పసుపు, ఆ తరువాత నీలం అని వరుస పెట్టుకుంటే దూరం నుంచే ఏ ఏటి కోడో తెలుస్తుంది. పిల్లలకు వేస్తే మాత్రం పెరిగేకొద్దీ ఉంగరం మార్చాలి.

రెక్క బిళ్ల: రెక్క ముందు మడత చర్మానికి గుచ్చే అంకెల బిళ్ల ఇది. ఒక్కొక్క కోడికి వేరువేరుగా లెక్క ఉంచే పరిశోధనా కేంద్రాలలో దీనిని వాడతారు.

వేళ్ల పొర రంధ్రం: పెరటి కోళ్లకు ఇదే చవక. కోడి పాదానికి ముందు మూడు వేళ్లు, వాటి నడుమ రెండు పలుచని చర్మపు పొరలు ఉంటాయి. రెండు కాళ్లకు కలిపి నాలుగు పొరలు. పిల్ల పుట్టిన రోజునే చిన్న పంచ్‌తో రంధ్రం వేసి, అయోడిన్ అద్దాలి. తెగిన చర్మపు ముక్క పూర్తిగా ఊడి రావాలి, లేకుంటే రంధ్రం పూడిపోతుంది. నెల తరువాత మరొకసారి చూసుకోవాలి.

నాలుగు పొరలతో పదిహేను గుంపులు

తక్కెడలో 1, 2, 4, 8 తూకపు రాళ్లు నాలుగే ఉన్నా 1 నుంచి 15 వరకు ఏ బరువైనా తూచవచ్చు. ఇక్కడా అదే లెక్క.

ఎడమ కాలి వెలుపలి పొర – 1
ఎడమ కాలి లోపలి పొర – 2
కుడి కాలి లోపలి పొర – 4
కుడి కాలి వెలుపలి పొర – 8

మూడో గుంపు పిల్లలకు 1, 2 పొరలలో రంధ్రం వేయాలి. ఐదో గుంపుకు 1, 4 పొరలలో వేయాలి. ఒక కోడి కింద ఒకేసారి పుట్టిన పిల్లలన్నింటికీ ఒకే గుర్తు. ఎడమ, కుడి అంటే కోడికి ఎడమ, కుడి. మనకు కాదు.

పుస్తకం

గుర్తు ఒక్కటే చాలదు. పాలు పోసి పుస్తకంలో ఎక్కించకపోతే ఏమవుతుందో సభ్యులకు చెప్పనక్కరలేదు. ఒక నోటు పుస్తకంలో ఈ గళ్లు గీయండి: గుంపు సంఖ్య, పుట్టిన తేదీ, పిల్లల సంఖ్య, వేసిన టీకాలు, మొదటి గుడ్డు తేదీ, అమ్మిన లేక చనిపోయిన తేదీ.

ఉదాహరణకు జూన్ 2న పుట్టిన గుంపుకు జూన్ 9తో వారం నిండుతుంది. జూలై 28తో ఎనిమిది వారాలు నిండుతాయి. అక్టోబరు 20తో ఇరవై వారాలు. అప్పటి నుంచి గుడ్డు కోసం చూడవచ్చు.

రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను కొన్ని వారాలు పెంచిన పిల్లలుగా కొనేవారు పుట్టిన తేదీని, అప్పటికే వేసిన టీకాలను అడిగి రాసుకోవాలి. కొన్న తేదీ వయసుకు పనికిరాదు.

మేము తనిఖీకి వచ్చినప్పుడు పాల లెక్కలే చూస్తాము, కోళ్ల పుస్తకం అడగము. అది మీ ఇంటి లెక్క, మీ లాభం కోసం.

ప్రశ్నలు

1. ఆర్-2-బి టీకా ఏ వయసు దాటాక వేయించాలి?
2. ఎదిగే పిల్లలకు గుడ్ల కోళ్ల దాణా ఎందుకు వేయరాదు?
3. ఒక పెట్టకు ఎడమ కాలి లోపలి పొరలో, కుడి కాలి వెలుపలి పొరలో రంధ్రాలు ఉన్నాయి. అది ఏ గుంపుది?

(మూడో ప్రశ్నకు జవాబు: పదో గుంపు. మొదటి రెండింటి జవాబులు పాఠంలోనే ఉన్నాయి.)