తోకచుక్కను గుర్తుపట్టడం ఎలా?

2024 అక్టోబరు మధ్యలో సుచిన్‌షాన్-అట్లాస్ అనే తోకచుక్క సూర్యాస్తమయం తర్వాత పడమటి ఆకాశంలో కనిపించింది. పొడవైన తోకతో మెరిసే దాని ఫోటోలు చూసి మేడ ఎక్కినవారికి నగరపు వెలుగుల్లో ఏమీ కనిపించకపోతే ఆశ్చర్యం లేదు. కెమెరా అనేక సెకన్ల పాటు కాంతిని పోగుచేసి చిత్రం తీస్తుంది. మన కన్ను అలా పోగుచేయలేదు. కంటితో చూస్తే చాలా తోకచుక్కలు చిన్న పొగమరకలా, బూడిద రంగులో ఉంటాయి. తోక అసలు కనిపించకపోవచ్చు కూడా. మరి అది తోకచుక్కేనని ఎలా తెలుస్తుంది?

ఉల్క వేరు, తోకచుక్క వేరు

ఒక్క క్షణం మెరిసి, గీత గీసినట్లు మాయమయ్యేది ఉల్క. అది మన వాతావరణంలోనే మండిపోయే చిన్న రేణువు. తోకచుక్క మనకు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే అది నిలకడగా, నక్షత్రాలతో పాటే ఉదయించి, వాటితో పాటే అస్తమిస్తుంది.

తోకచుక్క కేంద్రకం మంచు, ధూళి కలిసిన ముద్ద. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ మంచు ఆవిరై, ధూళితో కలిసి చుట్టూ మేఘంలా కమ్ముకుంటుంది. సూర్యకాంతి ఒత్తిడి ఆ ధూళినీ, సౌరపవనం అందులోని విద్యుదావేశిత వాయువులనూ వెనక్కి నెడతాయి. కాబట్టి తోక ఎప్పుడూ సూర్యుడికి దూరంగా చాచి ఉంటుంది. సాయంత్రం పడమర కనిపించే తోకచుక్క తోక పైకి నిక్కి ఉండటానికి కారణం ఇదే.

ఎప్పుడు, ఎటు చూడాలి?

తోకచుక్క బాగా వెలిగేది సాధారణంగా సూర్యుడి దగ్గర ఉన్నప్పుడు. ఆ రోజుల్లో అది మన ఆకాశంలోనూ సూర్యుడి పక్కనే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున తూర్పున గానీ, పొద్దుగూకాక పడమర గానీ కొద్దిసేపే దొరుకుతుంది. సుచిన్‌షాన్-అట్లాస్ 2024 సెప్టెంబరు 27న సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. ఆ రోజుల్లో వేకువన తూర్పున కనిపించి, అక్టోబరు రెండో వారం తర్వాత సాయంత్రపు ఆకాశానికి మారింది.

చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. పడమర క్షితిజానికి ఒక పిడికిలి ఎత్తులో ఉన్న తోకచుక్క మన ప్రాంతాల్లో దాదాపు ముప్పావు గంటలో అస్తమిస్తుంది. కాబట్టి చెట్లు, భవనాలు అడ్డులేని చోటును పగలే చూసి పెట్టుకోవాలి. ఊరి వెలుగులు వెనక పడేలా నిలబడటం మంచిది. ఆ రోజు అది ఏ నక్షత్రం దగ్గర ఉంటుందో స్టెల్లేరియం వంటి యాప్‌లో ముందే చూసుకోవచ్చు.

చూసే పద్ధతి

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. 7×50 లేదా 10×50 బైనాక్యులర్లు ఉంటే చాలు. క్షితిజం నుంచి మొదలుపెట్టి అడ్డంగా, నెమ్మదిగా, వరుసలు వరుసలుగా వెతకాలి. మసకగా ఏదైనా తగిలితే సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడండి. మసక వెలుగును పసిగట్టే కణాలు కంటిపాప మధ్యకు ఎదురుగా ఉండే చోట కాక, దాని చుట్టుపక్కలే ఎక్కువగా ఉంటాయి.

ఒక హెచ్చరిక: సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా బైనాక్యులర్లను పడమర వైపు తిప్పవద్దు. వేకువన సూర్యోదయానికి ముందే ఆపేయాలి. సూర్యుడు ఒక్క క్షణం అందులో పడినా చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

పత్రికల్లో వచ్చే ప్రకాశ పరిమాణాన్ని చూసి మోసపోకూడదు. పరిమాణం 4 అంటే, ఆ కాంతి అంతా ఒక్క బిందువులో ఉంటే 4వ పరిమాణపు నక్షత్రంలా వెలుగుతుందని అర్థం. తోకచుక్కలో అదే కాంతి పెద్ద మరకగా పరుచుకుంటుంది కనుక నక్షత్రం కంటే బాగా మసకగా కనిపిస్తుంది.

అదేనని నిర్ధారించుకోవడం

ఆకాశంలో మసక మరకలు ఇంకా చాలా ఉన్నాయి. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు చార్లెస్ మెస్సియర్ 1758లో వృషభ రాశిలో అలాంటిదొకటి చూశాడు. అది ఎన్ని రోజులైనా చోటు కదల్లేదు. అది తోకచుక్క కాదు, నేడు క్రాబ్ నెబ్యులాగా పిలుస్తున్న నిహారిక. తోకచుక్కలు వెతికేవారు పొరబడకుండా ఇలాంటి వాటన్నిటితో ఆయన పట్టిక తయారుచేశాడు. అందులో ఐదోదైన నక్షత్ర గుచ్ఛం పక్కనుంచే 2024 అక్టోబరు 15న సుచిన్‌షాన్-అట్లాస్ సాగిపోయింది. గుచ్ఛం అక్కడే ఉంది, తోకచుక్క మరుసటి రాత్రికి దూరం జరిగింది.

కాబట్టి కదలికే అసలైన గుర్తు. బైనాక్యులర్లలో కనిపించే నక్షత్రాలను కాగితం మీద చుక్కలుగా పెట్టి, మరక ఉన్నచోట గుర్తు వేసుకోండి. పక్కన తేదీ, సమయం రాయండి. మరుసటి రోజు అదే సమయానికి మళ్లీ గీయండి. నక్షత్రాల మధ్య మరక చోటు మారితే అది తోకచుక్కే. మారకపోతే నిహారికో, నక్షత్ర గుచ్ఛమో అయి ఉంటుంది.

హైదరాబాద్‌లో చదువుకుని హార్వర్డ్ వెళ్లిన వేణు బప్పు 1949 జులైలో తాను తీసిన ఫోటో ప్లేటులో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ అనే పేరుతో నమోదైంది. నేటి సర్వే టెలిస్కోపులు చేసేదీ ఒకే ఆకాశభాగాన్ని పదేపదే చిత్రించి, ఏది కదిలిందో పోల్చి చూడటమే.

హేలీ తోకచుక్క మళ్లీ 2061లో వస్తుంది. అంతకు ముందే మరికొన్ని రావచ్చు. వాటిలో ఎన్నో మన జీవితకాలంలో తిరిగి రావు. అలాంటి కబురు వచ్చినప్పుడు ఒక్క రాత్రితో ఆపకుండా, వరుసగా రెండు రాత్రులు చూడండి.