ఖాకీ లేని కొలువులు

పాఠ్యభాగ పరిచయం

శాంతిభద్రతల పరిరక్షణ పోలీసుల పని మాత్రమేనని సామాన్యంగా భావిస్తారు. కాని ఆ వ్యవస్థ నడవడానికి యూనిఫారం ధరించని ఉద్యోగులు, స్వచ్ఛంద సేవకులు, నిపుణులు ఎందరో తోడ్పడుతున్నారు. వారి కొలువుల స్వభావాన్ని, వాటి హద్దులను, వాటిలో విద్యార్థులకు గల అవకాశాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

పుంగనూరు, మదనపల్లె ప్రాంతానికి చెందిన సోమల వంటి మండలంలో పోలీసు ఠాణా ప్రభుత్వానికి ప్రత్యక్షరూపం. పొలం గట్టు తగాదా మొదలుకొని పశువుల దొంగతనం వరకు ప్రతి కష్టమూ చివరకు ఆ గడపనే చేరుతుంది. ఆ గడప ఎక్కడానికి జంకేవారు పల్లెల్లో నేటికీ తక్కువ కారు. ఠాణాకు, ప్రజలకు నడుమ గల ఈ దూరాన్ని తగ్గించేది ఎవరు? ఆయుధమూ, అరెస్టు చేసే అధికారమూ లేనివారు ఆ పనికి ఎంతవరకు పనికివస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానం కొంత చరిత్రలోను, కొంత చట్టంలోను ఉన్నది.

తలారి నుండి హోంగార్డు వరకు

గ్రామరక్షణ ఒకప్పుడు ఊరివారి చేతులలోనే ఉండేది. రాయలసీమ పల్లెల్లో తలారి రాత్రివేళ కావలి కాసేవాడు; ఊరికి వచ్చిన కొత్తవారిని కనిపెట్టేవాడు; దొంగల జాడ తీసేవాడు. చిత్తూరు ప్రాంతపు పాళెగాళ్లు కావలి పేరిట రుసుము వసూలు చేసేవారు. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన నిబంధన గ్రామాధికారికి కొన్ని పోలీసు బాధ్యతలను అప్పగించి, తలారిని అతని అధీనంలో ఉంచింది. 1859లో వచ్చిన మద్రాసు జిల్లా పోలీసు చట్టంతో జీతం తీసుకొనే క్రమబద్ధమైన పోలీసు దళం ఏర్పడింది. అయినా ఊరి సమాచారం ఠాణాకు చేరడానికి తలారే ఆధారమయ్యాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికార పదవులను రద్దు చేసింది.

స్వచ్ఛంద సేవకు ఆధునికరూపం హోంగార్డుల సంస్థ. ఇది 1946 డిసెంబరులో నాటి బొంబాయి రాష్ట్రంలో మొదలైంది. 1962లో చైనాతో జరిగిన యుద్ధం తరువాత దేశమంతటా ఒకే తీరున దీనిని విస్తరింపజేశారు. తీరిక వేళల్లో సేవ చేయడం ఈ సంస్థ ఆశయం. ఆచరణలో ఇది వేలాదిమందికి ఏకైక జీవనాధారమైనది. జాతరలలో, కూడళ్లలో, ఎన్నికల విధులలో వీరు కానిస్టేబులు పక్కనే నిలబడి పనిచేస్తారు. కాని వీరికి లభించేది జీతం కాదు, దినభత్యం. తమను క్రమబద్ధీకరించాలని హిమాచల్‌ప్రదేశ్ తదితర రాష్ట్రాల హోంగార్డులు కోరగా, 2015లో సుప్రీంకోర్టు అందుకు అంగీకరించలేదు. అయితే ముప్పైరోజుల భత్యం మొత్తం పోలీసు ఉద్యోగి పొందే కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలని ఆదేశించింది. సేవాభావం గొప్పదే, కాని సేవ చేసేవాని ఇల్లు గడవడం కూడా అంతే ముఖ్యమని ఈ తీర్పు గుర్తుచేస్తున్నది.

కలం పట్టిన చేతులు

ఠాణాలో ఫిర్యాదులు, డైరీలు రాసే రైటరును చాలామంది గుమాస్తా అనుకొంటారు. నిజానికి అతడు కానిస్టేబులో, హెడ్ కానిస్టేబులో అయి ఉంటాడు. నిజమైన పౌర ఉద్యోగులు జిల్లా పోలీసు కార్యాలయంలో కనిపిస్తారు. వారిని మినిస్టీరియల్ సిబ్బంది అంటారు. జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, పరిపాలనాధికారి అనే క్రమంలో వారి హోదాలు ఉంటాయి. జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, ప్రయాణభత్యాలు, పింఛను కాగితాలు వారి చేతుల మీదుగా సాగుతాయి. విధినిర్వహణలో మరణించిన కానిస్టేబులు కుటుంబానికి పింఛను సకాలంలో అందడం, అందకపోవడం ఇటువంటి ఒక బల్ల మీద ఉన్న దస్త్రాన్ని బట్టి ఉంటుంది.

యూనిఫారం అవసరం లేని పనులను ఇతరులకు అప్పగించి, పోలీసులను నేరనిరోధానికి, దర్యాప్తునకు కేటాయించాలని రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సూచించింది. బ్రిటన్‌లో 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టం ఇటువంటి ఆలోచనతోనే పరిమితమైన అధికారాలు గల సహాయకులను ఏర్పాటు చేసింది.

శాస్త్రజ్ఞానం గలవారికి మరొక దారి ఉన్నది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కేంద్రం ఏర్పడింది. వేలిముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో ఎడ్వర్డ్ హెన్రీకి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయులు తోడ్పడ్డారు. హక్ గణితంలో ప్రతిభ చూపిన కళాశాల విద్యార్థి. అతనిని ఆ పనికి ఎన్నుకోవడానికి కారణం దేహబలం కాదు, లెక్కల్లో నేర్పు. నేడు ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో రసాయన, భౌతిక, జీవశాస్త్రాలు చదివినవారు రక్తపు మరకలను, విషాలను, దస్తూరిని పరీక్షిస్తున్నారు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి వెళ్లి సాక్ష్యాలను సేకరించాలి. రాష్ట్రాలు దీనిని అమలులోకి తేవడానికి అయిదేళ్ల గడువు ఉన్నది. కనుక సైన్సు చదివేవారికి ఇది గమనింపదగిన రంగం.

సచివాలయంలో సంరక్షణ

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమయ్యాయి. వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శి అనే ఉద్యోగాన్ని ఏర్పాటు చేశారు. గృహహింస, బాల్యవివాహాలు, మద్యం వల్ల కలిగే గొడవలు, బడి మానిన ఆడపిల్లలు—ఇవి ఆమె దృష్టికి వచ్చే విషయాలు. 2021 జూన్‌లో ప్రభుత్వం ఈ కార్యదర్శులను మహిళా పోలీసులుగా పేర్కొంటూ ఉత్తర్వు ఇచ్చింది. పోలీసు నియామక పద్ధతిలో ఎంపిక కానివారికి పోలీసు హోదా ఎలా ఇస్తారని ఆ ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేశారు.

ఈ వివాదం చట్టానికి సంబంధించినదే అయినా, దాని వెనుక జీవితానుభవం ఉన్నది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ ఖాకీ దుస్తులను చూసి భయపడవచ్చు. మామూలు చీర కట్టుకొన్న ఉద్యోగిని వద్ద మనసు విప్పవచ్చు. అదే ఉద్యోగిని తాగి వచ్చిన భర్త ఎదుట అధికారం లేక నిస్సహాయంగా నిలబడవలసి రావచ్చు. అధికారం ఎక్కువైతే నమ్మకం సడలుతుంది. అధికారం బొత్తిగా లేకపోతే మాటకు విలువ తగ్గుతుంది. ఈ రెంటి నడుమ ఆమె తన పనిని సాగించాలి.

ఉదాహరణకు, ఒక పల్లెలో పదహారేళ్ల బాలికకు పెళ్లి నిశ్చయమైందని అనుకొందాం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అది నేరం. కార్యదర్శి స్వయంగా వెళ్లి పెళ్లికొడుకును నిర్బంధించడం ఆమె పని కాదు. బాల్యవివాహ నిషేధాధికారికి, 1098 నంబరుకు వెంటనే తెలియజేయాలి, తల్లిదండ్రులకు నచ్చజెప్పాలి, బాలిక చదువు కొనసాగేలా చూడాలి. సమాచారమిచ్చిన పొరుగింటివారి పేరు బయటపెట్టకూడదు. ఆ పేరు ఒక్కసారి పొక్కితే, మరుసటి పెళ్లిని గురించి ఆమెకు చెప్పేవారు ఆ ఊరిలో ఉండరు.

విద్యార్థుల శిక్షణ

కేరళలో 2010లో మొదలైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం 2018లో దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. ఇందులో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు చట్టాలను, క్రమశిక్షణను నేర్చుకొంటారు. తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వం ‘మై భారత్’ వేదిక ద్వారా కళాశాల విద్యార్థులకు ఠాణాలలో అనుభవపూర్వక శిక్షణను ఏర్పాటు చేసింది.

ఇటువంటి శిక్షణలో విద్యార్థి మొదట నేర్చుకోవలసినది వినడం. కుప్పం ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపిస్తాయి. ఫిర్యాదు చేసేవారి మాట ఒకటి, కాగితం మీద రాసినది మరొకటి అయితే న్యాయం మొదటి మెట్టు మీదనే జారిపోతుంది. ప్రథమ సమాచార నివేదికను ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలని, దాని నకలును ఉచితంగా ఇవ్వాలని చట్టం చెప్పుతున్నది. రెండు భాషలు తెలిసిన విద్యార్థి ఈ పనిలో ఎంతో సహాయపడగలడు. రెండవది గోప్యత. లైంగిక నేరాలకు గురైనవారి వివరాలను వెల్లడించడం శిక్షార్హం. ఠాణాలో చూసినది టీకొట్టు దగ్గర కబురు కారాదు. సెల్‌ఫోనులో చిత్రం అంతకన్నా కారాదు.

ముగింపు

ఖాకీ లేని కొలువుకు కీర్తి తక్కువ, ఓర్పు ఎక్కువ. జీతం, హోదా, అధికారం ఎంతవరకు ఉన్నాయో ముందుగా తెలుసుకొని ఇందులో అడుగుపెట్టడం వివేకం. ఈ కొలువుల్లో చేరినవారి నిజాయితీని బట్టే సామాన్యుడు ఠాణా గడపను ఆశతో ఎక్కుతాడో, భయంతో ఎక్కుతాడో నిర్ణయమవుతుంది.

కఠినపదాలు – అర్థాలు

కొలువు : ఉద్యోగం
జంకు : భయపడు, సంకోచించు
రుసుము : చెల్లించవలసిన సొమ్ము
దస్త్రం : కాగితాల కట్ట
దస్తూరి : చేతిరాత
పొక్కు : బయటపడు, వెల్లడియగు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గ్రామరక్షణ తలారి నుండి హోంగార్డు వరకు మారిన తీరును వివరించండి.
2. అధికారానికి, నమ్మకానికి గల సంబంధాన్ని మహిళా సంరక్షణ కార్యదర్శి ఉద్యోగాన్ని ఆధారంగా చేసుకొని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. హోంగార్డుల విషయంలో సుప్రీంకోర్టు 2015లో ఏమి ఆదేశించింది?
2. మినిస్టీరియల్ సిబ్బంది చేసే పనులేవి?
3. శిక్షణ పొందే విద్యార్థి గోప్యతను ఎందుకు పాటించాలి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వేలిముద్రల కేంద్రం 1897లో ఎక్కడ ఏర్పడింది?
2. గ్రామ సచివాలయాలు ఎప్పుడు ప్రారంభమయ్యాయి?

IV. వ్యాకరణం
గ్రామాధికారి = గ్రామ + అధికారి – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యక్షం = ప్రతి + అక్షం – యణాదేశ సంధి
శాంతిభద్రతలు = శాంతియు, భద్రతయు – ద్వంద్వ సమాసం
ముప్పైరోజులు = ముప్పై సంఖ్యగల రోజులు – ద్విగు సమాసం