అగ్రరాజ్య సంస్కృతి - గోదావరి డెల్టా : ఒక పరిశీలన

నేడు ప్రపంచంలో ఏ మూల చూసినా ఒక దేశం నీడ కనిపిస్తోంది. ఆ దేశం అమెరికా. వాళ్ళ జీన్సు ప్యాంటు మన ఊరి సంతలో దొరుకుతోంది. వాళ్ళ సినిమా తెలుగులో మాట్లాడుతూ మన రాజమండ్రి హాళ్ళలో ఆడుతోంది. వాళ్ళ కంపెనీల యాప్‌లు చూడనిదే మనకు తెల్లవారడం లేదు. 'మన సంస్కృతి నాశనమైపోతోంది' అని బాధపడే వ్యాసాలు, ఉపన్యాసాలు కోకొల్లలు. ఈ బాధలో నిజమెంత? హాస్టల్ అన్నం తిని చదువుకున్న మనం ఆ బాధను ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకోవాలా, లేక మన కళ్ళతో మనం చూడాలా? మన గోదావరి సీమ అనుభవంతో ఈ విషయాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాంస్కృతిక ఆధిపత్యం అంటే ఏమిటి?

సైన్యంతో ఒక దేశాన్ని లొంగదీయడం ఒక పద్ధతి. ఎదుటివాడు తనంత తానే మనలా ఉండాలని కోరుకునేటట్లు చేయడం రెండో పద్ధతి. ఇలా జనం అంగీకారంతో సాగే ఆధిపత్యాన్ని గురించి ఇటలీ మేధావి ఆంటోనియో గ్రాంసీ జైలులో రాసుకున్న నోటు పుస్తకాలలో వివరించాడు. అమెరికా ప్రొఫెసర్ జోసెఫ్ నై 1990లో 'సాఫ్ట్ పవర్' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. అంటే బలవంతం లేకుండా ఆకర్షణతో పని జరిపించుకునే శక్తి.

దీన్ని మన ఊళ్ళోనే చూడవచ్చు. కోనసీమ పేటల నుంచి ఎందరో అమ్మలు, అక్కలు కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. వాళ్ళు పంపిన డబ్బుతో పూరిళ్ళు డాబాలయ్యాయి. పిల్లలు కాలేజీ మెట్లు ఎక్కారు. అయినా మన పిల్లవాడికి అరబ్బీ వస్తే గొప్ప అని ఊళ్ళో ఎవరూ అనుకోరు. అదే ఒక ఇంటి అబ్బాయి అమెరికా వెళితే ఊరంతా ఇంగ్లీషు కాన్వెంటు వైపు చూస్తుంది. డబ్బు రెండు చోట్ల నుంచీ వచ్చింది. గౌరవం ఒక్క చోట నుంచే వచ్చింది. గౌరవం ఎటు ఉంటే సంస్కృతి అటే పారుతుంది.

'మనది' అనుకున్నది ఎక్కడిది?

ఆవకాయ లేని గోదావరి ఇల్లు ఉండదు. కాని ఆ ఆవకాయలో పడే మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశం చేరింది. అంతకు ముందు ఘాటుకు మిరియాలే దిక్కు. జామ, బొప్పాయి, జీడిమామిడి, లంక భూముల్లో పండే పొగాకు, అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. చిన్నప్పుడు తీర్థంలో తాగిన గోలీసోడా అచ్చంగా మనదే అనుకుంటాం. ఆ గోలీ సీసాకు 1872లో పేటెంటు తీసుకున్నవాడు హైరం కాడ్ అనే ఇంగ్లీషువాడు.

అలా వచ్చిన సోడాతో మనవాళ్ళు ఊరుకోలేదు. రామచంద్రపురంలో 1919లో సోడా వ్యాపారంగా మొదలైనదే తరువాత 'ఆర్టోస్' పానీయమైంది. 1993లో కోకాకోలా మళ్ళీ మన దేశంలో అడుగుపెట్టి థమ్సప్‌ను కొనేసింది. ఆర్టోస్ మాత్రం గోదావరి జిల్లాల కిళ్ళీకొట్లలో నిలబడింది.

మాటలు కూడా అంతే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర పూర్తి చేయించాడు. ఆ కాలువలతో పాటు ఇంగ్లీషు 'లాక్' మన నోట 'లాకులు' అయింది. దక్షిణాది వారి ఆనకట్ట ఇంగ్లీషులో 'ఆనికట్' అయింది. మన పందికొక్కు వాళ్ళ నిఘంటువులో 'బాండికూట్'గా చేరింది.

కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం తప్పు కాదు. ఏది వచ్చినా ఎవరి చేతికి వచ్చింది, దానితో ఎవరు దొర అయ్యారు అన్నదే చూడవలసిన విషయం.

రాజమండ్రి నేర్పిన రెండు పాఠాలు

మొదటి పాఠం కందుకూరి వీరేశలింగం గారిది. గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల ప్రేరణతో ఆయన 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. పాత్రలు, ఆచారాలు, ఎత్తిచూపిన మూఢనమ్మకాలు అన్నీ మన సీమవే. ఆ నవలే 1887లో ఇంగ్లీషులోకి వెళ్ళి లండన్‌లో అచ్చయింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. దాన్ని వ్యతిరేకించినవాళ్ళు కూడా 'మన సంస్కృతి చెడిపోతోంది' అన్నవాళ్ళే.

రెండో పాఠం అంతకన్నా పదునైనది. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ గారు 'మాకొద్దీ తెల్ల దొరతనం' అని పాట కట్టి జైలు పాలయ్యారు. అదే కాలంలో రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న గారు 'మాకొద్దీ నల్ల దొరతనం' అని రాశారు. తెల్లవాడు వెళ్ళిపోతే చాలా? మమ్మల్ని అంటరానివారిగా ఊరికి దూరంగా ఉంచిన మన దేశపు దొర సంగతేమిటి? ఇదీ ఆయన ప్రశ్నలోని సారాంశం.

'విదేశీ సంస్కృతి దాడి' అన్న ఉపన్యాసం విన్నప్పుడల్లా ఈ రెండు దొరతనాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పోతోందని వాళ్ళు బాధపడుతున్న సంస్కృతిలో మన తాతలకు దక్కిన చోటు ఎంత? ఈ ప్రశ్న వేయకుండా మనం ఆ బాధలో పాలు పంచుకోలేం.

అమెరికా ఒక్కటి కాదు

అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోమని కాదు. అసలు అమెరికా ఒక్కటి కాదు. ప్రపంచానికి అమ్ముతున్న అమెరికా ఒకటి, అణగదొక్కబడిన నల్లవారి అమెరికా మరొకటి. అమెరికా సంగీతంగా లోకమంతా వినే జాజ్, బ్లూస్ ఆ నల్లవారి గొంతులో పుట్టినవే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. జాన్ డ్యూయీ వంటి గురువుల దగ్గర ప్రజాస్వామ్య భావాలు నేర్చుకుని, వాటిని మన దేశపు కుల సమస్యకు అన్వయించారు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1966లో అక్కడ బ్లాక్ పాంథర్స్ పార్టీ పుట్టింది. ఆ పేరు స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. ఇది కూడా అమెరికా ప్రభావమే. దీని గురించి టీవీలో ప్రకటనలు రావు. మనమే వెతుక్కుని చదువుకోవాలి.

డాలరు మన చెరువులోకి

సంస్కృతి అంటే పాట, బట్ట మాత్రమే కాదు. అగ్రరాజ్యం వాళ్ళు ఏం తింటారన్నది కూడా మన బతుకును మారుస్తుంది. అమెరికాలో జనం ఎక్కువగా తినే సముద్రాహారం రొయ్య. ఆ రుచి కోసం మన వరిచేలు చెరువులయ్యాయి. 2009 తరువాత మన చెరువుల్లోకి వచ్చిన వనామీ రొయ్య కూడా అమెరికా ఖండపు పసిఫిక్ తీరానిదే. భీమవరం చుట్టుపక్కల కంపెనీల్లో తెల్లవారుజామునుంచి చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య వలిచే ఆడవాళ్ళలో మన అమ్మలున్నారు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వెంటనే డెల్టాలో రొయ్య రైతులు గగ్గోలు పెట్టారు. మరుసటి నెలలోనే కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఈ నిబంధనలు రేపు ఎలా మారినా పాఠం మారదు. ఒక్క దేశం పళ్ళెం మీద, ఒక్క దేశం వీసా మీద ఊరి ఆశలన్నీ పెట్టుకుంటే, అక్కడ ఎవరో సంతకం పెడితే ఇక్కడ మన ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

ఇంగ్లీషు - నిచ్చెనా? గోడా?

2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ చర్చలో తెలుగు చచ్చిపోతుందని వాపోయిన వారిలో చాలామంది పిల్లలు అప్పటికే కాన్వెంట్లలో ఉన్నారు. పేద తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలన్నారంటే అది దొర మీద మోజు కాదు. తలుపు ఎక్కడుందో వాళ్ళకు తెలుసు.

అయితే ఆ తలుపే కొందరికి గోడ. హాస్టల్‌లో ఉండి తెలుగు మీడియంలో చదివిన మేము పీజీ తరగతిలో సెమినార్‌కు నిలబడినప్పుడు, తెలిసిన జవాబు కూడా గొంతు దాటలేదు. విషయం తెలియకపోయినా ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడినవారికి చప్పట్లు పడ్డాయి. అప్పుడు మాకు అర్థమైంది, ఇంగ్లీషు తెలివి కాదు, పనిముట్టు. కొడవలి లాంటిది. చేతిలో లేకపోతే కోత కోయలేం. అంతమాత్రాన కొడవలికి మొక్కనక్కరలేదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్ళం మేమే. ఆ పనిముట్టు పట్టడం నేర్పేవాళ్ళు ఇంట్లో లేరు. హాస్టల్‌లో సీనియర్ అన్నలే నేర్పారు.

మన కర్తవ్యం

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ కొత్త వస్తువైనా, భాషైనా, అలవాటైనా మీ ముందుకు వస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఇది నన్ను చేసేవాడిగా మారుస్తుందా, కొనేవాడిగానే ఉంచుతుందా? ఇది నేర్చుకున్నాక నేను నా పక్కవాడి చెయ్యి పట్టుకుంటానా, వాడిని చిన్నచూపు చూస్తానా? మొదటిదానికి మంచి జవాబు వస్తే ఏ దేశానిదైనా తీసుకోండి. రెండోదానికి చెడ్డ జవాబు వస్తే మీరు నేర్చుకున్నది చదువు కాదు, కొత్త దొరతనం.

రోజూ స్టడీ అవర్‌లో ఒక పేజీ ఇంగ్లీషు పేపరు పైకి చదవండి. దాని అర్థం గురించి తెలుగులోనే వాదించుకోండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళండి. ఊడ్పుల్లో, కుప్పనూర్పుల్లో, వలల దగ్గర, కొబ్బరి పీచు పని దగ్గర అమ్మానాన్నలు వాడే మాటలు రాసుకోండి. ఆ మాటలు కాన్వెంటులో చెప్పరు. సంస్కృతి పోతోందని బాధపడేవారి ఉపన్యాసాల్లోనూ వినపడవు. వాటిని మనం రాయకపోతే రాసేవాళ్ళు లేరు. ఆ పుస్తకాలు మన హాస్టల్ లైబ్రరీ అలమరలో ఉండాలి. రేపు చేరబోయే పిల్లలకు ఇంగ్లీషు నిఘంటువు పక్కనే అవి కూడా దొరకాలి.