ఒక్క ‘ట్యాంక్’ చాలు: ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు ఏడు అనుభవ పాఠాలు

తనకల్లు చుట్టుపక్కల బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. రోజుకు పది మాటలు బట్టీపట్టి, నెల తిరిగేసరికి ఒక్కటీ నోటికి రాని పిల్లల్ని చాలామందిని చూశాను. ఒక్క మాటనే అన్ని వైపులా తిరగేసి చూసినవాడికి అది జన్మలో మరుపు రాదు. నీళ్లకు మొహం వాచిన సీమ మాది. అందుకే నీళ్ల మాటే తీసుకుంటాను: ట్యాంక్.

1. తెలిసిన మాటే కదా అని వదిలెయ్యొద్దు.
మా ఊళ్లో ట్యాంకంటే మిద్దె మీది సింటెక్సు, లేదంటే పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు. బండికుండే పెట్రోలు ట్యాంకు, ఎండాకాలం వీధిలోకొచ్చే ట్యాంకరు సరేసరి. ఒకసారి చెరువు తెగిన వార్తను ఇంగ్లీషు పేపర్లోంచి చదివించాను. శీర్షికలో ‘ట్యాంక్’ అనే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లోడు లేచి, “సార్, సింటెక్సు పగిలితే అన్నెకరాలు ఎట్లా మునుగుతాయి సార్?” అన్నాడు. క్లాసంతా నవ్వింది గానీ, ప్రశ్న న్యాయమైనదే. మన దేశపు ఇంగ్లీషులో ట్యాంకంటే చెరువు కూడా. రెవెన్యూ రికార్డుల్లో, ఇరిగేషన్ శాఖ కాగితాల్లో అదే మాట. హైదరాబాదు ట్యాంక్‌బండ్ అంటే హుస్సేన్‌సాగర్ చెరువు కట్టే కదా!

2. మాట ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోవాలి.
“మాకు చెరువు కింద రెండెకరాలుంది” అన్నదాన్ని మనం ఇంగ్లీషులో ‘అండర్ ది ట్యాంక్’ అనేస్తాం. మన ఆఫీసుల్లో అది చెల్లుతుంది. లండన్‌లోనో న్యూజెర్సీలోనో అంటే, వినేవాడు ఏదో ఇనుప తొట్టి కింద ఉన్న పొలం అనుకుంటాడు. అక్కడ కుంటకు పాండ్ అనాలి, పెద్ద చెరువుకు రిజర్వాయర్ అనాలి. తమాషా ఏమిటంటే, అమెరికాలోనే టెక్సస్ రైతులు పశువులు నీళ్లు తాగే కుంటను ట్యాంక్ అంటారు. మాట ఒకటే, చెల్లుబాటు మాత్రం ఊరికో రకం.

3. మాట చుట్టాలనూ వెంటబెట్టుకోవాలి.
చెరువంటే ఒట్టి నీళ్ల గుంట కాదు. కడప సీమలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఏమేమి ఉండాలో పన్నెండు అంగాలుగా చెప్పింది. ట్యాంక్ నేర్చుకునేటప్పుడే కట్టకు బండ్, తూముకు స్లూయిస్, మరవకు వియర్ నేర్చుకోండి. ఆయకట్టు అనేది మన మాటే, ఇంగ్లీషు నివేదికల్లోకి అలాగే ఎక్కింది. బండ్ ఇంకా దూరం వెళ్లింది. ఆ మాట మూలం పారశీకం. మన దేశంలో దాన్ని అందుకున్న ఇంగ్లీషువాళ్లు చైనాకు తీసుకుపోయారు. షాంఘైలో నది ఒడ్డున బారులు తీరిన పాత బ్యాంకుల వీధిని నేటికీ ఇంగ్లీషులో ‘ది బండ్’ అనే పిలుస్తారు.

4. పుట్టుక అడగాలి.
ట్యాంక్ పదిహేడో శతాబ్దంలో మన దేశం నుంచే ఇంగ్లీషుకెక్కింది. గుజరాతీ, మరాఠీల్లో నీళ్ల తొట్టిని, భూమిలోని నీటి నిల్వను ‘టాంకు’, ‘టాంకే’ అంటారు. పోర్చుగీసులో ‘తాంక్’ అంటే కొలను. దేన్నుంచి వచ్చిందన్న వాదన పండితుల్లో ఉంది. రెండూ కలిసిపోయాయని కొందరంటారు. 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు తిరగేస్తే, ఇలా మన దేశం నుంచి వెళ్లిన మాటలు ఎన్నో కనిపిస్తాయి. ఇంగ్లీషంటే భయపడే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే: అందులో మన సొమ్మూ ఉంది.

5. అర్థం మారితే కారణం వెతకాలి.
నీళ్ల తొట్టి యుద్ధ యంత్రం ఎట్లా అయింది? మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటిష్‌వాళ్లు రహస్యంగా ఇనుప బండ్లు తయారుచేయించారు. బయటికి పొక్కకుండా అవి నీళ్లు మోసే ట్యాంకులని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో అవి మొదటిసారి కదిలాయి. గుట్టు రట్టయినా దొంగ పేరు మాత్రం నిలిచిపోయింది. కారణం తెలిస్తే రెండర్థాలూ ఒకేసారి గుర్తుంటాయి.

6. మన భాషలోకి వచ్చిన మాటను పూర్తిగా నమ్మొద్దు.
చైనావాళ్లు ఈ మాటను యుద్ధ యంత్రానికే తీసుకున్నారు. వాళ్లు పలికితే మన చెవికి ‘థాన్‌ఖ’ అన్నట్టుంటుంది. నీళ్ల ట్యాంకును ‘నీళ్ల పెట్టె’ అన్న అర్థం వచ్చే సొంత మాటతో పిలుస్తారు. కాబట్టి ట్యాంక్ అనగానే చైనా విద్యార్థికి ముందు యుద్ధ యంత్రం గుర్తొస్తుంది, మన పిల్లోడికి సింటెక్సు గుర్తొస్తుంది. ఇద్దరికీ సగమే తెలుసు. రెండో సగం కోసం ఇద్దరూ నిఘంటువు తెరవాల్సిందే.

7. క్రియగా వాడితే ఏమవుతుందో చూడాలి.
షేరు ధర ‘ట్యాంక్’ అయిందంటే దబ్బున పడిపోయిందని. ఆటగాడు మ్యాచ్‌ను ‘ట్యాంక్’ చేశాడంటే కావాలనే ఓడిపోయాడని. మాటల్లో చెల్లుతుంది గానీ పరీక్షలో, దరఖాస్తులో రాయొద్దు. ఇంకో మాటతో జతకట్టినా అర్థం మారుతుంది: ‘థింక్ ట్యాంక్’ అంటే విధానాల మీద ఆలోచించి సలహాలిచ్చే సంస్థ. చేతుల్లేని బనియనుకు ‘ట్యాంక్ టాప్’ అని పేరు. ఈతకొలనును ట్యాంక్ అన్న రోజుల్లో వేసుకున్న ఈత దుస్తుల నుంచి వచ్చింది. ఏ మాటనైనా నామవాచకంగా ఒకటి, క్రియగా ఒకటి, సొంత వాక్యాలు రాసి చూసుకోండి. రాయలేకపోతే ఆ మాట ఇంకా మీది కాలేదని అర్థం.

ఈ ఏడూ పట్టుకుని వారానికి ఒక్క మాట చూడండి, చాలు. వచ్చే వారానికి ‘బోర్’ తీసుకోండి. మన చేన్లలో వేసే బోరు పాత ఇంగ్లీషు మాట, తొలవడం అని అర్థం. విసుగు పుట్టించే బోరు ఎక్కడ పుట్టిందో నిఘంటువులు రాసేవాళ్లకే ఇంకా తేలలేదు.