ప్రశ్నలు - జవాబులు: కాటా లెక్క చెప్పే యాప్‌ను ఎవరు పరీక్షించాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించినవే ఎక్కువ. మనుబోలు, గూడూరు, పొదలకూరు వైపు పిల్లలు ఊళ్ళోనే ఉండి సొంతంగా యాప్‌లు తయారుచేస్తున్నారని ఈ ఉత్తరాల వల్లే తెలిసింది. చాలా ఏళ్ళు హైదరాబాదులో ఇదే పని చేసి వచ్చినదాన్ని. అందుకే ఈసారి చోటంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అక్కా. మేం ముగ్గురం ఫ్రెండ్స్. వడ్లు, రొయ్యలు అమ్ముకునే రైతులకు కాటా, రేటు, రావాల్సిన డబ్బు లెక్క చూపించే యాప్ చేస్తున్నాం. కోడ్ దాదాపు అయిపోయింది. టెస్టింగ్ అంతా తామే చూసుకుంటామని హైదరాబాదు కంపెనీ ఒకటి అడుగుతోంది. మా దగ్గర డబ్బు తక్కువ. వాళ్ళకి ఇవ్వమంటారా, మేమే చేసుకోమంటారా?
- ఒక పాఠకుడు, మనుబోలు

జవాబు: తమ్ముడూ, డబ్బు మాట తర్వాత. ముందు వాళ్ళని ఒకటి అడుగు: పుట్టి అంటే ఎంత?

మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. జిల్లా దాటితే ఆ మాటకు లెక్క మారిపోతుంది. రైతు 15 పుట్లు అని కొడితే మీ యాప్ 12,750 కిలోలు చూపించాలి. గుండ్రంగా ఉంటుందని ఎవరైనా పుట్టికి వెయ్యి అని కోడ్‌లో రాసేశారనుకో, 15,000 చూపిస్తుంది. తేడా 2,250 కిలోలు. పుట్టికి 850 దాటించి తూచుకుంటున్నారని రైతులు మొత్తుకున్న జిల్లా మనది. ఇక్కడ ఈ తప్పు చేసిన యాప్‌ను రెండోసారి ఎవరూ తెరవరు.

రొయ్యల సంగతి ఇంకా తిరకాసు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. 100 కౌంట్ చిన్న రొయ్య, 40 కౌంట్ పెద్ద రొయ్య. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. చెరువు గట్టు తొక్కని టెస్టర్ దీన్ని చూసి, ధరలు తలకిందులయ్యాయని రిపోర్టు రాస్తాడు. డెవలపర్ కూడా అలాంటివాడే అయితే, సరిగ్గా ఉన్నదాన్ని 'సరిచేసి' పాడుచేస్తాడు.

కొలతల దగ్గర పెద్దవాళ్ళే దెబ్బతిన్నారు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గర నాశనమైంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలిస్తే, వాటిని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్క అనుకుంది. ఎవరి లెక్క వాళ్ళకి సరిగానే ఉంది. రెంటినీ కలిపి చూడాల్సిన చోట చూడలేదు.

కాబట్టి పనిని రెండుగా విడగొట్టు. ఊరి లెక్కలు మీరే పరీక్షించుకోండి. దళారి ఒకరిని, మిల్లు గుమస్తా ఒకరిని, రైతులు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, పోయిన పంట కాటా చీటీలు తెమ్మనండి. ఆ చీటీల్లో అంకెలు యాప్‌లో కొట్టి, చీటీ మీద ఉన్న మొత్తం వస్తుందో లేదో చూడండి. అర పుట్టి కొట్టండి. సున్నా కొట్టండి. తేమకు తీసేసే తరుగు కలపండి. లక్ష దాటే మొత్తం దగ్గర కామా ఎక్కడ పడుతోందో చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఏ కంపెనీ మీకంటే బాగా చెయ్యలేదు.

బయటివాళ్ళకి ఇవ్వాల్సింది వేరే. రకరకాల పాత ఫోన్లలో యాప్ నడుస్తుందా, కోతల సీజన్‌లో వేలమంది ఒకేసారి తెరిస్తే సర్వర్ తట్టుకుంటుందా, ఒకరి లెక్క ఇంకొకరు చూడగలరా? ఇవి సామాను, అనుభవం కావలసిన పనులు. నెల జీతం లెక్కన మనిషిని తీసుకోకుండా, ఇదిగో ఈ మూడు పనులు, ఇన్ని రోజులు అని మాట్లాడుకో. వాళ్ళు రాసే టెస్ట్ కేసులు, స్క్రిప్టులు మీ సొత్తు అని కాగితం మీద రాయించుకో. రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మాత్రం పొరపాటున కూడా పంపవద్దు. కల్పించిన వివరాలతోనే పరీక్ష చేయించు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకున్నా అది నమ్మకానికి సంబంధించిన సంగతి.

ఇంకొకటి, ఇది నా గుండెలో ముల్లు. నేను పనిచేసిన ఒక చోట వాయిదాలు కట్టే యాప్‌ను పరీక్షించాం. ఆఫీసు వైఫైలో, కొత్త ఫోన్లలో అంతా సజావుగా నడిచింది. సరే అని చెప్పింది నేనే. విడుదలయ్యాక సిగ్నల్ సరిగా లేని ఊళ్ళలో జనం 'కట్టు' అని నొక్కారు, ఏమీ కదల్లేదు, మళ్ళీ నొక్కారు. వాయిదా రెండుసార్లు కోసుకుపోయింది. ఒక తల్లి ఫోన్ చేసి, పిల్లవాడి ఫీజుకని దాచిన డబ్బు అని ఏడ్చింది. ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది నాకు.

మీరు ఒక్క రాత్రి చెరువు దగ్గర గడపండి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రైతు ఏరియేటర్ల దగ్గర తడి చేతులతో, టార్చి వెలుగులో ఉంటాడు. ఆ చేతులతో అతని ఫోన్ మీద మీ బటన్ నొక్కించండి. నొక్కిన మరుక్షణం ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. తీసేసి మళ్ళీ నొక్కించండి. లెక్క ఒకసారి పడిందా, రెండుసార్లు పడిందా? మీ యాప్ గురించి అసలు కబురు అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: చిన్న మార్పు చేసిన ప్రతిసారీ మొత్తం మళ్ళీ పరీక్షించాలంటాడు మా టెస్టర్. ఇది టైం వృథా కాదా?
- ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: కాదండీ. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. గూడూరు ఆ రోజు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. యాప్‌లో జిల్లాల పట్టీ మార్చడం పది నిమిషాల పని. కానీ నెల్లూరు జిల్లా, గూడూరు అని నమోదైన పాత రైతు ఏమయ్యాడు? అతని పాత బిల్లు తెరుచుకుంటుందా? నెల్లూరు మొత్తం చూపే నివేదికలో అతని వడ్లు ఉన్నాయా, లేవా? మార్చిన చోట తప్పు రాదు, అక్కడ అందరి కళ్ళూ ఉంటాయి. మార్చని చోటే వస్తుంది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. మన శంషాబాద్‌లో విమాన ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్‌డేట్‌ను ముందు కొద్దిమందికే పంపి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. మీరు కూడా కొత్త వెర్షన్‌ను ముందు పదిమంది రైతులకు ఇచ్చి రెండు రోజులు ఆగండి.

మళ్ళీ మళ్ళీ చేసే పరీక్షలను యంత్రానికి అప్పజెప్పవచ్చు. సెలీనియం లాంటి ఉచిత పరికరాలు 2004 నుంచీ ఉన్నాయి. మీ టెస్టర్‌కు నెల రోజులు సమయం ఇవ్వండి, మారని లెక్కలన్నిటికీ స్క్రిప్టులు రాసేస్తాడు. ఆ తర్వాత వృథా అన్న మాట మీరే అనరు.

ప్రశ్న: అక్కా, బీఎస్సీ అయింది. అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్ కోర్సు చేద్దామనుకుంటే, అది కోడింగ్ రానివాళ్ళ పని, ఇప్పుడు ఏఐ వచ్చేసింది, దండగ అంటున్నాడు మామయ్య. కోర్సు తర్వాత మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని ఒకరు చెప్పారు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: ముందు చివరిది చెబుతాను చెల్లీ. ఆ దొంగ ఎక్స్‌పీరియన్స్ వద్దు. ఇది తప్పు పట్టుకునే ఉద్యోగం. అబద్ధంతో అందులో అడుగుపెడితే మొదటి రోజు నుంచే నీ మాటకు విలువ ఉండదు. పట్టుబడితే దాచుకోవడానికి వీలు లేకుండా పోతుంది కూడా.

మామయ్య మాటకు వస్తే, హైదరాబాదులో టెస్టింగ్ ఒక్కటే చేసి కంపెనీలు నిలబడ్డాయి. యాప్‌ల్యాబ్స్ అలా ఎదిగిందే, దాన్ని 2011లో అమెరికా సంస్థ సీఎస్‌సీ కొనుక్కుంది. సిగ్నిటి కూడా అంతే, దాని కొనుగోలుకు 2024లో కోఫోర్జ్ ముందుకొచ్చింది. తక్కువ పని అయితే అంత డబ్బు పోసి ఎవరు కొంటారు?

మీ మిద్దె ఎక్కితే శ్రీహరికోట రాకెట్లు కనబడతాయి కదా. 2022 ఆగస్టు 7న ఎగిరిన తొలి ఎస్ఎస్ఎల్‌వీని గుర్తు తెచ్చుకో. అందులో దేశంలోని 750 మంది ఆడపిల్లలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ ఉపగ్రహం ఉంది. రాకెట్ మోటార్లు బాగానే మండాయి. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురుకు యాక్సిలరోమీటర్ల రీడింగులు రెప్పపాటు కంటే తక్కువ సేపు హద్దు దాటాయి. తప్పు పట్టే సాఫ్ట్‌వేర్ ఆ రెప్పపాటునే చూసి సెన్సార్లన్నీ చెడిపోయాయని తీర్మానించేసింది. ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక పక్క 76 కిలోమీటర్లకు దిగిపోయే కక్ష్యలో పడి, నిలవలేక పోయాయి. ఆ తర్వాత ఎక్కడ పొరపాటని వెతకడం మొదలైంది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్ఎస్ఎల్‌వీ ఆజాదీశాట్-2ను సరైన కక్ష్యలో పెట్టింది. 'సెన్సార్ నిజంగా చెడిందా, లేక ఒక్క క్షణం అదిరిందా?' ఈ ప్రశ్న ముందే అడగగలిగిన మనిషి ఎంత విలువైనదో ఆలోచించు. ఆ మనిషివి నువ్వు కావాలి.

ఏఐ టెస్ట్ కేసులు చకచకా రాస్తుంది, నిజమే. నేర్చుకో, వాడుకో. కానీ పుట్టికి 850 అని దానికి చెప్పాల్సింది నువ్వే. కోర్సుతో పాటు కొంత కోడింగ్, డేటాబేస్ ప్రశ్నలు రాయడం తప్పకుండా పట్టుకో. అవి లేకుండా చేత్తో నొక్కి చూసే పని మాత్రమే వస్తే ఎదుగుదల ఆగిపోతుంది, ఆ మేరకు మామయ్య భయం న్యాయమే.

ఇవాళే ఒకటి చెయ్యి. నీ ఫోన్‌లో ఏదో ఒక యాప్ తీసుకుని తప్పు ఒకటి వెతికి రాయి. 'యాప్ పనిచేయడం లేదు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'ఆండ్రాయిడ్ 10 ఫోన్, సిగ్నల్ పోయినప్పుడు పంపు అన్న బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే కాటా రెండుసార్లు పడింది, ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ పడింది' అని రాస్తే డెవలపర్ ఆ సాయంత్రమే సరిచేస్తాడు. అలాంటివి ఇరవై రాసి దాచుకో. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి సర్టిఫికెట్ నాకు తెలియదు.

ప్రశ్న: ఇంగ్లీషులో పరీక్షించాం, అంతా బాగుంది. తెలుగుకి మళ్ళీ వేరే టెస్టింగ్ కావాలా?
- ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: కావాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఏమైందో తెలుసా? మన 'జ్ఞా' అక్షరం వాటిని పడగొట్టింది. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం చేరినప్పుడు, ఆ అక్షరాన్ని గీయబోయి మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఎవరో అది పంపితే చాలు, అందుకున్నవాళ్ళ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేశారు. కోట్లమంది రాసే భాషలో ఒక అక్షరం అంత పెద్ద కంపెనీ పరీక్షలను దాటుకుని పోయిందంటే, నాకు ఆ రోజు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది.

స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, మత్స్య, కృష్ణపట్నం. ఈ మాటలు మీ యాప్‌లో ప్రతి తెర మీదా కొట్టించండి. కింద ఒత్తులు తెగిపోతున్నాయేమో చూడండి. ఇంగ్లీషు మాటకు సరిపోయిన బటన్‌లో తెలుగు మాట పట్టదు. 'కాళ్ళ' అని వెతికితే 'కాళ్ల' అని నమోదైన పేరు దొరుకుతుందా? మనకు రెండూ ఒకటే, యంత్రానికి వేరు. వెంకటేశ్వర్లు అన్న పేరును ఎన్ని రకాలుగా రాస్తారో మీ వీధిలోనే లెక్కపెట్టి, అన్నీ కొట్టి చూడండి.

ప్రశ్న: నేను చిన్న కంపెనీలో టెస్టర్‌ని. సంక్రాంతికి విడుదల చేస్తామని మా సారు అందరికీ చెప్పేశారు. డబ్బు లెక్కలో ఒక తప్పు అప్పుడప్పుడూ కనబడుతోంది, ప్రతిసారీ రాదు. ఆపమంటే, ఒక్క తప్పుకి ఆపుతారా, అసలు తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఉంటుందా అంటున్నారు. నేనేం చెయ్యాలి?
- పేరు వద్దన్న పాఠకుడు, మనుబోలు

జవాబు: తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఉండదన్నది నిజమే బాబూ. ఉంటుందని హామీ ఇచ్చే కంపెనీని నమ్మవద్దని కూడా చెబుతాను. కానీ బొమ్మ పక్కకు జరగడం వేరు, డబ్బు తప్పు పడటం వేరు. డబ్బు, ప్రాణం, పరువు, ఈ మూడింటిలో దేన్ని తాకే తప్పయినా ఆపాల్సిందే.

2019 జూలై 15 అర్ధరాత్రి దాటాక, సాక్షాత్తూ రాష్ట్రపతి శ్రీహరికోటలో కూర్చుని ఉండగా, 56 నిమిషాల ముందు చంద్రయాన్-2 ప్రయోగం ఆపేశారు. జూలై 22న పంపారు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ తొలి పరీక్షా వాహనం ఐదు సెకన్లు ఉందనగా కంప్యూటరే ఆపేసింది. కారణం చూసి, సరిచేసుకుని, అదే పూట పది గంటలకు ఎగరేశారు. దేశమంతా టీవీలో చూస్తుండగా ఆపిన ఆ మనుషుల పరువు తగ్గలేదు.

మీ సారుతో వాదన పెట్టుకోవద్దు. ఆ తప్పు ఎన్ని ప్రయత్నాల్లో ఎన్నిసార్లు వచ్చింది, వస్తే ఒక వినియోగదారుకు ఎంత డబ్బు తేడా పడుతుంది, సరిచేయడానికి ఎన్ని రోజులు కావాలి, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. మెయిల్‌లో కూడా పెట్టండి. డబ్బు లెక్క ఉన్న భాగం ఒక్కటి మూసి, మిగతాది సంక్రాంతికి విడుదల చేసే దారి కూడా అందులో చూపించండి. ఎక్కువమంది యజమానులు ఆ దారి పట్టుకుంటారు, నేను చూశాను. ఈలోగా రోజూ రాత్రి ఆ తప్పు ఏ సమయంలో, ఏ ఫోన్‌లో, ఏ మొత్తం దగ్గర వచ్చిందో రాసి పెట్టండి. అప్పుడప్పుడూ వచ్చే తప్పులు చాలావరకు రెండు పనులు ఒకే క్షణాన పడినప్పుడో, తేదీ మారే అర్ధరాత్రి దగ్గరో వస్తుంటాయి. ముందు ఆ రెండు చోట్ల వెతకండి. దొరికితే నాకు రాయండి.