బలమైన ఎక్స్‌పాన్షన్ ఏది? హార్త్‌స్టోన్‌తో ఒక వాదన పాఠం

హార్త్‌స్టోన్ ఆడేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎప్పటికీ తేలని గొడవ ఒకటి మొదలవుతుంది. ఇప్పటిదాకా వచ్చిన ఎక్స్‌పాన్షన్లలో అన్నిటికంటే బలమైనది ఏది? ఒకడు నాక్స్‌రామస్ అంటాడు, ఇంకొకడు గాడ్జెట్‌జాన్ అంటాడు, మూడోవాడు ఫ్రోజెన్ థ్రోన్ అని టేబుల్ మీద గుద్దుతాడు. ఈ గొడవలో నేను చాలాసార్లు కూర్చున్నాను. చూడగా చూడగా అర్థమైంది ఏమిటంటే, ముగ్గురూ వాడేది ఒకే మాట, ముగ్గురి మనసులో ఉన్నది మూడు అర్థాలు. అందుకే ఈ వ్యాసంలో ఆ గొడవనే పాఠంగా తీసుకుంటున్నాను. ఆట తెలియనివాళ్ళు కూడా ధైర్యంగా చదవొచ్చు.

ముందుగా ఆట గురించి నాలుగు ముక్కలు

హార్త్‌స్టోన్ 2014 మార్చిలో బ్లిజార్డ్ కంపెనీ విడుదల చేసిన డిజిటల్ కార్డుల ఆట. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరి దగ్గర 30 కార్డుల డెక్, 30 ప్రాణం. పేకాటలో అందరికీ అవే 52 ముక్కలు. ఇక్కడ అలా కాదు, ఎవరి డెక్ వాళ్ళు ముందే ఎంచుకుని వస్తారు. కొన్ని నెలలకొకసారి కంపెనీ కొత్త కార్డుల గుంపును విడుదల చేస్తుంది. దాన్నే ఎక్స్‌పాన్షన్ అంటాం. 2016 ఏప్రిల్‌లో 'స్టాండర్డ్' అనే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి ఏటా పాత ఎక్స్‌పాన్షన్లు ఆ పోటీలోంచి తప్పుకుంటూ ఉంటాయి. ఏదైనా కార్డు మరీ శృతిమించితే కంపెనీయే దాని బలం తగ్గిస్తుంది. దానికి మనోళ్ళు వాడే మాట 'నెర్ఫ్'.

వాదమా, జల్పమా, వితండమా?

మన న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలుగా విడదీసింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండం. 'వితండవాదం' అని మనం రోజూ తిట్టుకునే మాట అక్కడిదే. హాస్టల్ గొడవల్లో ఎక్కువ భాగం జల్పంతో మొదలై వితండంలో తేలతాయి. వాదం కావాలంటే ఎదుటి పక్షాన్ని దాని బలమైన రూపంలో ముందు మనమే చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అంటారు. ఆ పద్ధతిలోనే వెళ్దాం.

మొదటి పక్షం: నాక్స్‌రామస్ (2014 జూలై)

ఇందులో ఉన్నవి 30 కార్డులే. కానీ లోథెబ్, స్లడ్జ్ బెల్చర్, మ్యాడ్ సైంటిస్ట్, హాంటెడ్ క్రీపర్ లాంటివి ఏ డెక్ విప్పినా కనిపించేవి. అన్నిటికీ మించి అండర్‌టేకర్. ఒక్క మానాకే దొరికే కార్డు. చనిపోయాక ఏదో ఒక పని చేసే మినియన్‌ను ('డెత్‌రాటిల్' రకం) మనం దింపిన ప్రతిసారీ దాని దాడి, ప్రాణం రెండూ ఒక్కో పాయింటు పెరిగేవి. మొదటి చేతిలోనే ఇది పడితే మూడో టర్నుకల్లా ఆట ఎటు పోతుందో తెలిసిపోయేది. 2015 జనవరిలో ప్రాణం పెరగడం తీసేశారు. కార్డుల సంఖ్యతో భాగిస్తే దీన్ని మించింది లేదు అంటారు ఈ పక్షంవాళ్ళు.

దీనికి జవాబు: అప్పుడు పోటీ ఎవరితో? ఆటతోపాటు వచ్చిన బేసిక్, క్లాసిక్ కార్డులతో మాత్రమే. ఖాళీ మైదానంలో పరుగు పందెం గెలవడం తేలికే. ఇక "నాక్స్‌రామస్ ఎక్స్‌పాన్షనే కాదు, అడ్వెంచర్" అనేవాళ్ళు ఉన్నారు. ఆ పేరు నిజమే, కానీ బలం గురించిన ప్రశ్నకు అది జవాబు కాదు. వితండం అంటే ఇదే.

రెండో పక్షం: గాడ్జెట్‌జాన్ (2016 డిసెంబర్), విచ్‌వుడ్ (2018 ఏప్రిల్)

గాడ్జెట్‌జాన్‌లో ప్యాచెస్ అనే పైరేట్ వచ్చాడు. మనం ఏ పైరేట్‌ను ఆడినా, ప్యాచెస్ డెక్‌లోంచి తనే ఉచితంగా దూకి వెంటనే దాడి చేసేవాడు. 2018 ఫిబ్రవరిలో ఆ వెంటనే దాడి చేసే గుణం తీసేసేదాకా అతనిదే రాజ్యం. విచ్‌వుడ్‌లో గెన్, బాకు అని రెండు కార్డులు. డెక్‌లో అన్నీ సరి సంఖ్య ధరవే ఉంటే గెన్, అన్నీ బేసి ధరవే ఉంటే బాకు, మన హీరో శక్తిని ఆట మొదట్నుంచే మెరుగుపరుస్తాయి. ఈ రెంటినీ 2019 ఏప్రిల్‌లో, ఇంకో ఏడాది గడువు ఉండగానే, స్టాండర్డ్ నుంచి తప్పించారు.

దీనికి జవాబు: ఇవి బలమైన కార్డులు, సందేహం లేదు. కానీ మనం అడిగింది బలమైన ఎక్స్‌పాన్షన్ గురించి. ఒక్క బ్యాట్స్‌మన్ సెంచరీ కొడితే అది గొప్ప జట్టు అయిపోదు కదా. నిజానికి గాడ్జెట్‌జాన్‌కు ప్యాచెస్ కాక వేరే అండ కూడా ఉంది. ఆ సంగతి కాసేపట్లో.

కొలబద్దే మారితే?

"ఎన్ని నెర్ఫులు, ఎంత త్వరగా వచ్చాయో చూడు, బలం తెలుస్తుంది" అనే మాట చాలామంది నోట వింటాం. వినడానికి బాగుంది. కానీ అండర్‌టేకర్‌ను తగ్గించడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. 2020 ఏప్రిల్‌లో యాషెస్ ఆఫ్ అవుట్‌లాండ్‌తో డీమన్ హంటర్ అనే కొత్త క్లాస్ వస్తే, దాని కార్డులకు ఒకటి రెండు రోజుల్లోనే కోత పడింది. అంటే డీమన్ హంటర్ అన్ని రెట్లు బలమైనదనా? కాదు. ఈ ఆరేళ్ళలో కంపెనీ అలవాటు మారింది. మొదట్లో కార్డు ముట్టుకోవడానికే వెనకాడేది, తర్వాత చేయి తిరిగింది. ల్యాబ్‌లో మీటర్ మార్చి పాత రీడింగుతో కొత్త రీడింగు పోల్చితే సార్ ఊరుకుంటారా? ఇక్కడా అంతే. నెర్ఫ్ కొలిచేది కార్డును మాత్రమే కాదు, దాన్ని నెర్ఫ్ చేసేవాళ్ళను కూడా.

అందుకే నేను వాడే పరీక్ష వేరు. పేరు పెట్టాలంటే 'తీసేసి చూడు' పరీక్ష. ఆ కాలంలో బాగా ఆడిన డెక్‌లలోంచి ఆ ఎక్స్‌పాన్షన్ కార్డులు తీసేస్తే ఎన్ని డెక్‌లు కూలిపోతాయి? ఎన్ని కాస్త కుంటుతూ నడుస్తాయి?

సిద్ధాంతం: ఫ్రోజెన్ థ్రోన్ (2017 ఆగస్టు)

ఈ పరీక్షలో నా ఓటు నైట్స్ ఆఫ్ ది ఫ్రోజెన్ థ్రోన్‌కే. మొత్తం 135 కార్డులు. అప్పటికి ఉన్న తొమ్మిది క్లాసులకూ తలా ఒక డెత్ నైట్ హీరో కార్డు. అది ఆడితే 5 ఆర్మర్ వస్తుంది, అప్పటికప్పుడు ఇంకో ప్రభావం ఉంటుంది, ఆట ముగిసేదాకా కొత్త హీరో శక్తి ఉంటుంది. రెక్సార్ అయితే జంతువులను కలిపి కొత్త జంతువులు తయారు చేస్తూనే ఉంటాడు, అతనికి కార్డులు అయిపోవడం అనేదే ఉండదు. ఈ హీరోల చుట్టూ కట్టిన డెక్‌లలోంచి వాళ్ళను తీసేస్తే మిగిలేది గోడలు లేని ఇల్లు.

పైగా వీళ్ళ ముందు ఖాళీ మైదానం లేదు. అన్‌గోరో, గాడ్జెట్‌జాన్, ఓల్డ్ గాడ్స్ అన్నీ అప్పుడు స్టాండర్డ్‌లోనే ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో తప్పుకునేదాకా వీళ్ళ నీడ పోలేదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన రస్తఖాన్ కార్డులు చాలావరకు బెంచీ మీదే కూర్చున్నాయి.

నా పక్షానికీ చిల్లులు ఉన్నాయి. తొమ్మిది మందీ సమానం కాదు, షామన్ హీరో థ్రాల్ మిగతావాళ్ళంత భయపెట్టలేదు. పెద్ద చిక్కు ఇంకోటి. ప్రీస్ట్ హీరో ఆండుయిన్ కార్డు ఆడిన ప్రతిసారీ 2 దెబ్బలు కొట్టగలిగాడంటే కారణం రజా అనే కార్డు. రజా హీరో శక్తి ధరను సున్నా చేసేది. అది గాడ్జెట్‌జాన్‌ది! ఇద్దరిలో ఎవర్ని తీసేసినా ఆ డెక్ కూలిపోతుంది. 2018 ఫిబ్రవరిలో రజాను సున్నా నుంచి ఒకటికి మార్చగానే ఆండుయిన్ డెక్ చతికిలబడింది. అంటే బలం అనేది కూడికల లెక్క కాదు, గుణకారం. సున్నాతో గుణిస్తే రెండో అంకె ఎంత పెద్దదైనా దండగే. కాబట్టి ఫ్రోజెన్ థ్రోన్ ఘనతలో కొంత వాటా గాడ్జెట్‌జాన్‌కు ఇవ్వాల్సిందే. ఇచ్చాక కూడా మిగిలేది ఎక్కువే అని నా లెక్క.

ఆ బలం ఎవరి చేతికి అందింది?

ఈ గొడవల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది, విద్యార్థులుగా మనకు కావలసిందీ ఇదే. నాక్స్‌రామస్‌లో అయిదు భాగాలు, ఒక్కోటి ఆటలో సంపాదించిన 700 బంగారంతో కొనుక్కునే వీలు అప్పట్లో ఉండేది. కొన్ని వారాలు ఓపిగ్గా ఆడినవాడికి లోథెబ్ ఖాయం. మామూలు ఎక్స్‌పాన్షన్ అలా కాదు. అయిదేసి కార్డుల ప్యాకులు, లోపల ఏముందో తెలియదు. కావలసిన లెజెండరీ రాకపోతే 1600 డస్ట్ పోసి తయారు చేసుకోవాలి. ఉన్న లెజెండరీని పగలగొడితే వచ్చేది 400. అంటే నాలుగు పోతే ఒకటి. ఫ్రోజెన్ థ్రోన్ మొదటి మిషన్ ముగించినవాళ్ళకు డెత్ నైట్ ఒకటి ఉచితంగా ఇచ్చారు కానీ, తొమ్మిదిలో ఏది వస్తుందన్నది అదృష్టమే. ఎక్స్‌పాన్షన్ ఎంత బలమైనదైతే, అది లేనివాడు అంత బలహీనుడు. మెస్ బిల్లు మిగుల్చుకుని ఆడేవాడికి 'బలమైనది' అనేది పొగడ్త కాదు, ధర చీటీ.

అందుకే 'బలమైనది', 'మంచిది' అనే రెండు మాటల్ని ఒకే గాటన కట్టొద్దు. బలమైనది ఫ్రోజెన్ థ్రోన్ అంటాను. అందరికీ అందినది నాక్స్‌రామస్ అంటాను. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

సచినా కోహ్లీనా, ఏ ప్రోగ్రామింగ్ భాష గొప్పది అని గొడవపడేటప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలు పనికొస్తాయి: దేన్ని బలం అంటున్నాం? ఎవరితో పోటీలో? దేంతో కొలిచి? ఈసారి టేబుల్ గుద్దే ముందు వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసి ఎదుటివాడికి చూపించండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగం అప్పుడు మొదలవుతాయి, ఆడాల్సిన ఆట అదీ.