రెండు బోర్డులకూ సున్నా ఒక్కటే
గాజువాక



స్పెక్ట్రమ్ కంప్యూటరు ఒక్కదాన్నే ఆన్ చేస్తే బాగా నడుస్తోందనీ, వెనక నువ్వు చేసిన మెమరీ బోర్డు తగిలిస్తే తెర మీద రంగురంగుల గళ్లొచ్చి ఆగిపోతోందనీ రాశావు. చిప్పులు మార్చడం మొదలెట్టకు. ముందు గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల దారి, చూడు.

1988లో డెసిబెల్స్ వాళ్లు లైసెన్సు మీద మన దేశంలో అమ్మిన స్పెక్ట్రమ్ ప్లస్ కదా నీది. దాని వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి ఒక్కో వైపు 28 స్థానాలు. వాటిలో సున్నా వోల్టులకిచ్చినవి కింది వైపు 6, 7, 14. మూడే మూడు. నీ బోర్డు వాడుకునే కరెంటు, డేటా లైన్లలోంచి, అడ్రసు లైన్లలోంచి వచ్చే కరెంటు, అంతా తిరిగి వెళ్లాల్సింది ఆ మూడింటి గుండానే. దానికి తోడు అచ్యుతాపురంలో మీ ఇంటికి పూడిమడక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. కనెక్టర్ మీద ఉన్నది బంగారు పూత కాదు, తగరం. ఇన్నేళ్లలో అది మసకబారకుండా ఉండదు.

ఇక్కడ లెక్క కాస్త నిదానంగా చూడు. టీటీఎల్ చిప్పు సున్నా ఇస్తున్నానంటే 0.4 వోల్టులు దాటనని అర్థం. అందుకునే చిప్పు 0.8 దాకా దాన్ని సున్నాగానే చదువుతుంది. నీకు మిగిలిన జాగా 0.4 వోల్టులు. మాసిన కాంటాక్టులు 0.2 ఓం అడ్డుపడి, అర ఆంపియర్ నడిస్తే 0.1 వోల్టు అక్కడే పోయింది. అసలు దెబ్బ అది కాదు. ఎనిమిది డేటా లైన్లు ఒకేసారి మారాయనుకో. ఒక్కో దాంట్లో 20 మిల్లీఆంపియర్లు, మొత్తం 160, పది నానోసెకన్లలో. పది సెంటీమీటర్ల తీగకి ఇండక్టెన్స్ సుమారు 100 నానోహెన్రీలు. కరెంటు మారే వేగాన్ని దానితో గుణించి చూస్తే 1.6 వోల్టులు! కంప్యూటరు దగ్గర సున్నా అనుకున్నది నీ బోర్డు దగ్గర ఆ క్షణానికి సున్నా కాదు. మల్టీమీటరుకి ఈ కుదుపు కనపడదు, కంప్యూటరులోని ప్రాసెసరు జడ్80కి మాత్రం తప్పు బైటు అందుతుంది.

బీబీసీ మైక్రో చేసినవాళ్లు దీన్ని ముందే ఆలోచించారు. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టులో మన బడులకొచ్చిన మెషినే అది. దాని యూజర్ పోర్టులో ఉన్న 20 పిన్నుల్లో ఎనిమిది సున్నా వోల్టులకే. ఫ్లాపీ డ్రైవు రిబ్బన్‌లో 34 తీగలుంటే బేసి సంఖ్యవి పదిహేడూ గ్రౌండే, ప్రతి సిగ్నల్ పక్కనా తిరుగుదారి. నాకు ఎంతో నచ్చిన డిజైన్ అది. నీ రిబ్బన్ కూడా అలాగే వేసుకో, వీలైనంత పొట్టిగా.

ఇప్పుడు చెయ్యాల్సింది. కరెంటు తీసేసి, కనెక్టర్‌ని తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. తర్వాత నీ బోర్డు గ్రౌండ్ నుంచి కంప్యూటరులోని 7805 రెగ్యులేటరు మధ్య కాలికి, దగ్గరి దారిలో, వెడల్పాటి రాగి అల్లిక పట్టీ ఒకటి టంకం పెట్టు. లావు కన్నా పొట్టితనం, వెడల్పు ముఖ్యం. పాత టీవీ కేబుల్ ఒలిచి అల్లిక తీద్దామనుకుంటావేమో, చాలావాటిలో అది అల్యూమినియం, మామూలు టంకం పట్టదు. బోర్డు మీద ప్రతి చిప్పు కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందో లేదో కూడా చూడు.

గోడ సాకెట్ ఎర్త్‌ని దీనికి కలపాలని రాశావు. వద్దు. బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్త్ గొయ్యి మనిషి ప్రాణం కోసం. అంత దూరపు తీగ ఈ నానోసెకన్ల పనికి రాదు. అయితే ఎప్పుడైనా బోర్డుకి విడిగా అడాప్టరు పెట్టుకుంటే ఇంకోటి గుర్తుంచుకో. ఇప్పటి రెండు పిన్నుల అడాప్టర్ల సున్నా గాలిలో తేలుతూ ఉంటుంది, ముట్టుకుంటే సన్నగా జిల్లుమనేది అందుకే. కంప్యూటరూ అడాప్టరూ రెండూ ఆపేసి, ముందు గ్రౌండ్ కలిపి, ఆ తర్వాతే మిగతావి కలపాలి.

కనెక్టర్‌లో 5వ స్థానంలో గాడి ఉంటుంది. నీ సాకెట్‌లో దానికి సరిపడే బిళ్ల లేకపోతే తప్పకుండా పెట్టు. కింది వైపు 3వ స్థానంలో 5 వోల్టులు, 4లో 9 వోల్టులు. ఒక్క స్థానం జరిగిందంటే 9 వోల్టులు నేరుగా చిప్పుల్లోకి పోతాయి.

పట్టీ వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి, రెండూ నడుస్తుండగా మల్టీమీటరు 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, నల్ల మొన 7805 మధ్య కాలి మీద, ఎర్ర మొన నీ బోర్డులో అన్నిటికన్నా దూరంగా ఉన్న చిప్పు గ్రౌండ్ కాలి మీద ఆనించు. రెండు రీడింగులూ రాసి పంపు. పట్టీ వేశాక కూడా పదుల మిల్లీవోల్టులు చూపిస్తుంటే బోర్డు ఫొటో తీసి, గ్రౌండ్ దారి ఎర్ర పెన్నుతో గీసి పంపు. చూసి చెప్తాను.

నీ మావయ్య